మా వూరి బ్రహ్మ, నా టైపుమిషను

బ్రహ్మదేవుడికి గుడి వున్న వూళ్ళు మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చునంటారు. మా చేబ్రోలు వాటిలో వొకటి. కోనేటి నడుమ గుడి, గుడిలో నాలుగు దిక్కులకూ నాలుగు ముఖాలతో బ్రహ్మ. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కట్టించిన గుడి అది. 1973లో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చిందని కాగితం అందిన రోజు మా నాన్నగారు గుడికేసి చూసి, "రాసేవాడి వూళ్ళో పుట్టావు, నీకూ రాతపనే దొరికిందిరా" అన్నారు. అని వూరుకున్నా బాగుండేది. "కాకపోతే ఆయన సొంతంగా రాస్తాడు. నువ్వు యెవరో రాసింది మళ్ళీ కొడతావు" అని కూడా అన్నారు.

అందులో అబద్ధం లేదు. 36 యేళ్ళు నేను చేసింది అదే. ఆఫీసులో నన్ను టైపిస్టు అనేవారు గాని, నిజానికి మూడు యంత్రాలకు నేను కాపలా. వొకటి టైపుమిషను. రెండోది, పిడి పట్టుకొని తిప్పితే కాగితాలు కక్కే సైక్లోస్టయిలు మిషను. మూడోది ఫేసిట్ అనే లెక్కల మిషను. స్వీడను దేశపు సరుకు. అంకెలు నొక్కి పిడి ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. మా బంట్రోతు నన్ను "మిషన్ల పంతులు" అని పిలిచేవాడు. టైపిస్టు అనగానే పాఠకుల్లో కొందరికి సినిమాలో ఆఫీసరు గది, సిగ్గుపడే అమ్మాయి, ఆ తర్వాత పాటా గుర్తుకు రావచ్చు. మా ఆఫీసులో అటువంటిదేమీ జరగలేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

పి.యు.సి. అయ్యాక యింట్లో వూరికే కూర్చోలేక 1971లో గుంటూరులో టైపు నేర్చుకోవడానికి చేరాను. తెల్లవారుతూనే చేబ్రోలులో బస్సెక్కి, నారాకోడూరు మీదుగా గుంటూరు చేరి, బ్రాడీపేటలో వొక మేడమీద గదికి పరుగెత్తడం. గదిలో యిరవై మిషన్లు వొక్కసారి మోగుతుంటే రేకుల కప్పుమీద వడగళ్ళు పడ్డట్టుండేది. మొదటి నెలంతా వొకటే పాఠం. ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. చిటికెనవేలికి మనిషి జీవితంలో చెవి దురద తీర్చడం మినహా పనిలేదు గదా! ఆ వేలితో ఎ అక్షరం కొట్టమంటే అది కాగితంమీద పడీపడనట్టు, జ్వరం వచ్చినవాడి గొంతులా పడేది. నేను క్రిందికి చూసి కొడుతున్నానని మా మేష్టారు మీటల మీద అట్టముక్క కప్పారు.

"వేళ్ళ సంగతి వేళ్ళు చూసుకుంటాయి. నీ కళ్ళు కాగితంమీద వుంచు" అనేవారాయన. ఆ మాట వేగం కోసం చెప్పారనుకున్నాను. మరొకందుకు కూడా అది అవసరమని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

పరీక్షలు రెండు. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. అయిదు దెబ్బలు కొడితే వొక మాట కింద లెక్క. పరీక్షకు మిషను కూడా మనమే తీసుకుపోవాలి. రిక్షాలో మిషనును వొళ్ళో పెట్టుకొని, గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని చంటిపిల్లలా రెండు చేతులా పట్టుకొని హాలుకు చేరడం పరీక్షలో మొదటి భాగం. గంట కొట్టగానే హాలంతా గుర్రాలు పరుగెత్తినట్టు వొక్క మోత. పక్కవాడి మిషను గంట మనకంటే ముందు మోగిందా, గుండె జారిపోయేది.

ఆ మీటల వరుస యెవరు పెట్టారని అప్పట్లో నాకు అనుమానం. వేళ్ళను వేధించడానికే పెట్టినట్టుంటుంది. అమెరికాలో మిల్వాకీ నగరంలో పత్రిక నడిపిన క్రిస్టఫర్ షోల్స్ అనే ఆయన మరికొందరితో కలిసి యీ యంత్రం తయారుచేశాడు. 1873లో దాన్ని రెమింగ్టన్ కంపెనీ తీసుకుంది. ఆ కంపెనీవారిది తుపాకుల వ్యాపారం. కుట్టుమిషన్లు కూడా చేసేవారు. అందుకేనేమో 1874లో వారు అమ్మకానికి పెట్టిన మొదటి టైపుమిషనుకు కుట్టుమిషను బల్ల, కాలితో తొక్కే పలక, పైన రంగురంగుల పువ్వులూ వుండేవి! పక్కపక్క కడ్డీలు పైకి లేచి పెనవేసుకోకుండా అక్షరాలను అలా చెదరగొట్టారంటారు. కాదు, కారణం వేరే అనేవారూ వున్నారు. కారణం యేదైతేనేం, నేడు మా మనవరాలు అరచేతిలో ఫోను పెట్టుకొని బొటనవేళ్ళతో వొత్తేది కూడా ఆ వరుసనే. దానికి మా మేష్టారి అట్టముక్క అవసరం లేకపోయింది.

ఉద్యోగం సముద్రానికి దగ్గరగా వున్న వొక తాలూకా వూళ్ళో. తెనాలి దాకా బస్సు, ఆ పైన రైలు. ఆఫీసు పేరు చెప్పడం లేదు. చెప్పబోయేది నా తప్పు గనుక, ఆ పేరుతో పనిలేదు.

చేరినప్పుడు అక్కడ వున్నది ఇంగ్లీషు మిషను. రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, బల్లమీదికి తెలుగు రావడానికి చాలాకాలం పట్టింది. 1974లో అధికార భాషా సంఘం యేర్పడి, మా జిల్లా సత్తెనపల్లివారే అయిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి అధ్యక్షులయ్యారు. ఆ మరుసటేడు మా ఆఫీసుకు వొక తెలుగు మిషను దిగింది. నేను మళ్ళీ తెలుగు లోయరుకు కట్టి, మళ్ళీ చిటికెనవేలి దగ్గరనుంచీ మొదలుపెట్టాను.

తెలుగు మిషను కథ వేరు. ఇంగ్లీషుకు యిరవయ్యారు అక్షరాలు. మనకు గుణింతాలు, వొత్తులతో కలిపితే లెక్క తేలదు. మీటలు మాత్రం దాదాపు అన్నే. కనుక అక్షరాన్ని ముక్కలుగా పేర్చాలి. కొన్ని మీటలు కొడితే బండి కదలదు. గుర్తు పడి అక్కడే నిలుస్తుంది. దాని మీదనో కిందనో మిగతా ముక్క కొట్టాలి. "స్త్రీ" అని నోటితో వొక్కసారి అంటాం. మిషనుమీద అది మూడు నాలుగు దెబ్బల మనిషి. వొత్తు కాస్త పక్కకు పడిందా, ఆ మాటకు కాలు విరిగినట్టే.

యింతకంటే కష్టం స్టెన్సిలు. యీ తరంవారు చూసి వుండరు గనుక కొంచెం చెబుతాను. పలచటి కాగితానికి మైనంలాటి పూత పూసి వుంటుంది. మిషనులో రిబ్బను పక్కకు తప్పించి, అక్షరపు ముఖంతోనే నేరుగా ఆ పూతమీద కొట్టాలి. కొట్టినచోట పూత తెగి అక్షరం ఆకారంలో సన్నటి దారి పడుతుంది. స్టెన్సిలును డ్రమ్ముకు చుట్టి లోపల సిరా పోసి పిడి తిప్పితే, ఆ దారులగుండా సిరా కాగితం మీదికి దిగుతుంది. వొక చుట్టుకు వొక కాపీ. సిరా కాగితానికే అంటుతుందని నియమం లేదు. నా చొక్కాలన్నిటి కుడిచేతికీ వాటా వుండేది. మా ఆవిడ వాటికి "ఆఫీసు అంచు" అని పేరు పెట్టింది.

స్టెన్సిలుకు మెత్తటి దెబ్బ పనికిరాదు, గట్టి దెబ్బ అసలే పనికిరాదు. మెత్తగా కొడితే పూత తెగదు. గట్టిగా కొడితే గుండ్రటి అక్షరం చుట్టూ తెగి, మధ్య ముక్క వూడి రాలిపోతుంది. అప్పుడు కాపీలో అక్షరానికి బదులు నల్లటి చుక్క. ఇంగ్లీషులో యీ భయం వొకటి రెండు అక్షరాలతో పోతుంది. మన భాషలో గుండ్రంగా లేనిది యేది? సున్న వుంది. ఠ వుంది. ర వుంది. వొక పుట పూర్తయ్యేసరికి మిషను కింద రాలిన చుక్కలు ఆవాల్లా కనిపించేవి. తప్పు పడితే గోళ్ళరంగు వాసన వేసే యెర్రటి మందు చిన్న కుంచెతో రాసి, నోటితో వూది ఆరబెట్టి, దానిమీద మళ్ళీ కొట్టాలి. దిద్దడానికి ఆ మందు సీసా వుంది గనుక మా వూరి బ్రహ్మకంటే నేనే నయమని వొకప్పుడు మిత్రులతో హాస్యమాడేవాణ్ణి. 1977 తర్వాత ఆ హాస్యం మానేశాను.

యీ కాపీల యంత్రానికి గెస్టెట్నర్ అన్నదే మాకు తెలిసిన పేరు. డేవిడ్ గెస్టెట్నర్ హంగరీ దేశస్థుడు. వయసులో వుండగా వియన్నా షేర్ల బజారులో పనిచేస్తూ, ప్రతి సాయంత్రం ఆనాటి లావాదేవీలను చేత్తో మళ్ళీ మళ్ళీ నకళ్ళు రాయలేక విసిగిపోయాడట. ఆ తర్వాత లండను చేరి, 1881లో నకళ్ళు తీసే సాధనం చేశాడు. గుమాస్తా విసుగులోనుంచి పుట్టిన యంత్రం గనుక నాకు దానిమీద బంధుప్రీతి.

మా ఆఫీసులో వొక నియమం వుండేది. కొట్టిన ప్రతి కాగితాన్నీ "కంపేరు" చెయ్యాలి. వొకరు అసలు కాగితం పట్టుకొని పైకి చదవాలి, రెండోవారు కొట్టిన దానిమీద వేలు పెట్టుకొని వినాలి. ఆ తర్వాత "సరిచూడబడినది" అని యిద్దరూ పొడి అక్షరాలు వెయ్యాలి. మా హెడ్డుగుమాస్తాగారు యీ విషయంలో మహా చాదస్తులు. కామా దగ్గర "కామా" అని, పుల్‌స్టాపు దగ్గర "పుల్‌స్టాపు" అని బిగ్గరగా చదవకపోతే వొప్పుకునేవారు కాదు. సాయంత్రం నాలుగు దాటితే మా గదిలో పంతులుగారి బడి నడుస్తున్నట్టుండేది. నిమిషానికి నలభై మాటలు కొట్టేవాణ్ణి నేను. యెవడో గుమాస్తా నత్తనడక చదువు వింటూ కూర్చోవడం నాకు చిన్నతనంగా వుండేది.

1977 నవంబరు 19, శనివారం. ఆనాటి తుఫాను సంగతి కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. దివిసీమమీద సముద్రం లేచి పడింది. కృష్ణకు యివతల రేపల్లె తాలూకా తీరగ్రామాలు కూడా దెబ్బతిన్నాయి. మొత్తంమీద సుమారు 10,000 మంది పోయారని లెక్క. మా వూళ్ళో చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి రోడ్డుమీద పడుకున్నాయి. కరెంటు లేదు, కాని నా మూడు యంత్రాల్లో దేనికీ కరెంటుతో పనిలేదు. నాలుగు లాంతర్లు తెచ్చి నా బల్ల చుట్టూ పెట్టారు. వారం రోజులు మేము యింటి ముఖం చూడలేదు.

వూళ్ళనుంచి కరణాలు జాబితాలు పంపేవారు. తడిసి ఆరిన కాగితాలు, అలుక్కుపోయిన సిరా. పోయినవారి జాబితా వొకటి, యిళ్ళు పోయినవారిది వొకటి, గొడ్లు పోయినవారిది వొకటి. నేను స్టెన్సిలు కొట్టి కాపీలు తియ్యాలి. ఆ కాపీని బట్టి వూళ్ళో పేరు పిలిచి బియ్యం, బట్టలు, గుడిసె సొమ్ము యిస్తారు. పోయినవారి జాబితాలో వయస్సు గడి వొకటుండేది. 2, 4, 7, మళ్ళీ 2. ఆ గడికి వచ్చేసరికి నా వేళ్ళ వేగం దానంతటది తగ్గిపోయేది.

అయిదో రాత్రి అనుకుంటాను. సముద్రపు వొడ్డునున్న వొక వూరి జాబితా, యిళ్ళు పోయినవారిది. కరణంగారు వరుస సంఖ్యలు వెయ్యలేదు. చివర "మొత్తం 87" అని మాత్రం వేశారు. సంఖ్యలు నేను వేసుకుంటూ కొట్టాను. చివరికి వచ్చేసరికి నాకు 86 వచ్చింది. పాపం కరణంగారు! నిద్రలేక కూడిక తప్పారనుకున్నాను. ఆయన తప్పును సవరించి "మొత్తం 86" అని కొట్టాను. నాతో కంపేరు చెయ్యవలసిన గుమాస్తా గోడకు చేరగిలబడి నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. లేపడం యెందుకు, నా చేతిమీద నాకు నమ్మకం. "సరిచూడబడినది" అని నా పొడి అక్షరాలు వేసి, పొద్దున అతని చేత కూడా వేయించి, కాపీలు తీసి పంపేశాను.

పదిరోజుల తర్వాత వొకామె ఆఫీసుకు వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుండవచ్చు. చంకలో వొక పిల్ల. వూరినుంచి నడిచి వచ్చానంది. వూళ్ళో అందరికీ బియ్యం కొలిచారు, నా పేరు లేదన్నారు బాబూ, అంది. బంట్రోతు ఆమెను బయటికి పంపబోతే హెడ్డుగుమాస్తాగారు ఆపి, కాపీ తీసి చూశారు. ఆమె చెప్పిన పేరు వుంది!

"వుందిగా తల్లీ, నీ పేరు?"

"నా పేరు పిలిచారనే లేచానయ్యా. భర్త పేరు వేరే చదివారు. మళ్ళీ కూర్చున్నాను."

నాకు వొళ్ళు చల్లబడింది. కరణంగారి అసలు జాబితా నేనే తెచ్చి యిచ్చాను. హెడ్డుగారు లాంతరు మసి అంటిన ఆ కాగితంమీద వేలు పెట్టి దిగివచ్చారు. వొకే యింటిపేరు, వొకే పేరు, వొకదాని కింద వొకటి రెండుసార్లు. భర్తల పేర్లు వేరు. నా కన్ను మొదటి పేరునుంచి రెండో పేరు కిందికి జారింది. మధ్యలో వొక వరుస, ఆ వరుసలో వొక సంసారం. 87 కరణంగారి పొరపాటు కాదు.

హెడ్డుగారు నన్నేమీ అనలేదు. కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు. "ఆఫీసరుగారికి నోటు పెట్టు. మిషనుమీద కాదు, నీ చేత్తో రాయి. ముందు ఆవిడకు చెప్పు" అన్నారు.

చెప్పడం కష్టమే అయింది. "అమ్మా, కరణంగారు రాశారు. నేనే వొదిలేశాను" అన్నాను. ఆమె నన్ను తిట్టివుంటే బాగుండేది. కాసేపు నా మొహం చూసి, తర్వాత నా బల్లమీది మిషనుకేసి చూసి, "పోయిన పేర్లన్నీ యిందులోనే కొట్టారా బాబూ?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పెనిమిటి, పెద్ద పిల్లవాడు ఆ రెండో జాబితాలో వున్నారు. వాళ్ళ పేర్లు నేను తప్పు లేకుండా కొట్టాను.

వొక్క పేరుకు అనుబంధ జాబితా తయారుచెయ్యాలి. మొదటి జాబితా యెక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడికల్లా యిదీ వెళ్ళాలి గనుక స్టెన్సిలే కొట్టమన్నారు హెడ్డుగారు. వొక్క వరుసకు స్టెన్సిలు దండగని స్టోరు చూసేవాడు సణిగాడు. ఆమె గుమ్మం దగ్గరే కూర్చుంది. నేను స్టెన్సిలు యెక్కించి, అక్షరాల ముఖాలను కుంచెతో తుడిచి, మొదలుపెట్టబోతుంటే లేచి బల్లదాకా వచ్చింది.

"మళ్ళీ పోకుండా గట్టిగా కొట్టు బాబూ" అంది.

ఆమె పేరులో రెండు సున్నలున్నాయి. గట్టిగా కొడితే రెండూ రాలిపోతాయి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. జీవితంలో అంత మెల్లగా నేనెప్పుడూ టైపు కొట్టలేదు. వొక్కొక్క అక్షరం వేసి, ఆగి, వెలుతురుకు యెత్తి చూసుకున్నాను. ఆ తర్వాత హెడ్డుగారే స్వయంగా అసలు కాగితం పట్టుకొని పైకి చదివారు. నేను వేలు పెట్టి విన్నాను. వొకటే వరుస. ఆమె కూడా వింది. భర్త పేరు దగ్గర తల వొంచుకుంది.

మంజూరు వచ్చి ఆమెకు సొమ్ము అందడానికి యింకా తొమ్మిది రోజులు పట్టింది. నాకు వొక మెమో వచ్చింది. దానికి జవాబు కూడా నేనే టైపు కొట్టుకున్నాను. కంబళ్ళ పంపకం మాత్రం అప్పటికే అయిపోయింది. ఆ మార్గశిరంలో చలి యెలా వుందని నన్నెవరూ అడగలేదు గాని, నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాత ఉద్యోగంలో చెప్పుకోదగ్గ విశేషాలు లేవు. 1984లో కరణాలూ మునసబులూ పోయారు. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తొంభైల్లో కంప్యూటరు వచ్చింది. తెలుగు మీటలు మూడోసారి నేర్చుకున్నాను. అది కొట్టినా అక్షరం రాలదు, చెరిపితే మందు వాసన రాదు. కుర్రవాళ్ళు "సార్, యిప్పుడింక కంపేరింగెందుకు, నకలు తీసి అతికిస్తే చాలు" అనేవారు. నేను వినేవాణ్ణి కాదు. అప్పటికి హెడ్డుగారి చాదస్తం నాకు సంక్రమించింది. నా వెనక నన్ను "పుల్‌స్టాపు తాత" అనేవారని రిటైరయ్యాక తెలిసింది. 1955లో మన దేశంలో టైపుమిషన్లు చెయ్యడం మొదలుపెట్టిన గోద్రెజ్ కంపెనీ 2009లో ఆ పని ఆపేసింది. నేను రిటైరయిందీ ఆ సంవత్సరమే. వాళ్ళకూ నాకూ ముందుగా మాట్లాడుకున్నదేమీ లేదు.

యిప్పుడు చేబ్రోలులోనే వుంటున్నాను. జాబితాలు యిప్పటికీ వున్నాయి; "సిస్టంలో పేరు లేదు" అనే మాట కూడా వుంది. మొన్న మా వీధి చివర పాలుపోసే ఆమె పెన్షను కాగితం పట్టుకొని వచ్చింది. వొకే పేరుగలవాళ్ళు యీ వీధిలోనే ముగ్గురున్నారు. మా మనవరాలు ఫోనులో జాబితా తెరిచి, "వుంది తాతయ్యా, 41వ నంబరు" అంది.

"భర్త పేరు కూడా పైకి చదువు" అన్నాను.